ఆ రెండో తాళం పంపించు బాబూ

సీతమ్మధార, విశాఖపట్నం
ఆదివారం సాయంత్రం

చిన్నా,

కోడలు, పాప, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను. రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఈ ఉత్తరం ఎందుకు అనుకుంటావు. ఫోన్లో నేను మొదలుపెట్టగానే నువ్వు "నేను చూసుకుంటాలే అమ్మా" అనేస్తావు. ఈసారి నేను చెప్పేది మొత్తం వినాలి. అందుకని రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. పోయిన నెల ఒక రాత్రి ఒంటిగంటన్నరకి నీకు నా నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. పొద్దున్న నువ్వు అడిగితే "చెయ్యి తగిలి వెళ్ళిందిలే" అన్నాను. అది అబద్ధం. ఆ రాత్రి మీ నాన్నకి బాగోలేదు.

రెండు వాంతులయ్యాయి. ఒళ్ళంతా చల్లబడి చెమటలు పట్టాయి. లేచి నిలబడబోయి మంచం మీద కూలబడిపోయారు. నువ్వు కంగారుపడకు, ఇప్పుడు పూర్తిగా బాగున్నారు. ఒంట్లో సోడియం బాగా తగ్గిందని డాక్టరు చెప్పి సెలైన్ పెట్టారు, తెల్లారేసరికి లేచి కాఫీ అడిగారు. కానీ ఆ రాత్రి మాకు అదంతా తెలియదు కదా. ఆయన్ని మెల్లగా నడిపించుకుంటూ పోర్టికోలోకి తీసుకొచ్చాను. తలుపు వెనక మేకుకి ఉన్న కారు రిమోట్ తాళం అందుకుని బటన్ నొక్కాను. నువ్వు కొనిచ్చిన ఎలక్ట్రిక్ కారు పలకలేదు. మళ్ళీ నొక్కాను, హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి చూశాను. మామూలుగా నేను దగ్గరికి వెళ్తేనే అద్దాలు విప్పుకుని లైట్లు వెలిగించే బండి, ఆ రాత్రి రాయిలా ఉండిపోయింది. నాన్న మెట్టు మీద కూర్చుని రెండు చేతుల్తో తల పట్టుకున్నారు.

సరే, ఫోన్లో యాప్ ఉందిగా అని తెరిచాను. అంతకు రెండు రోజుల ముందు అదేదో అప్‌డేట్ అయింది. నన్ను బయటికి పంపేసి మళ్ళీ లాగిన్ అవ్వమంటోంది. ఓటీపీ పంపాము అంది. ఎవరికి? నీకు. బండి కొన్నరోజున షోరూంలో నీ నంబరు ఇచ్చాం. ఇక్కడ నా గుమ్మంలో ఉన్న బండి తలుపు తియ్యడానికి కావలసిన ఆరు అంకెలు బెంగళూరులో నీ తలగడ పక్కన ఉన్నాయి. నీకు ఫోన్ చేశాను, సైలెంట్‌లో ఉంది. అందులో నీ తప్పేమీ లేదు, అర్ధరాత్రి ఎవరైనా అలాగే పెట్టుకుంటారు. రెండోసారి చెయ్యడానికి నాకే చెయ్యి రాలేదు. అంత దూరాన ఉన్నవాడివి, లేచి ఏం చేస్తావు, తెల్లారేదాకా టెన్షన్ పడటం తప్ప.

పక్క వాటాలో అద్దెకుండే కుర్రాడి తలుపు కొట్టాను. వాళ్ళది పదేళ్ళ కిందటి పెట్రోలు కారు. లుంగీ మీదే వచ్చి తాళంచెవి తిప్పాడు, స్టార్ట్ అయింది. పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాం. ఆ తాళంచెవి తిరిగిన చప్పుడు నాకు ఇంకా చెవుల్లోనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. ఆ అబ్బాయి చెప్పింది విన్నాక నాకు ముందు ఏడుపు వచ్చింది, తరవాత కోపం వచ్చింది. ఆ ప్లాస్టిక్ తాళం పక్కనున్న చిన్న మీట నొక్కి లాగితే లోపలినుంచి ఇనప తాళంచెవి వచ్చింది. డ్రైవరు వైపు హ్యాండిల్ చివర ఉన్న మూత తీస్తే దాని కింద తాళం కన్నం ఉంది. అంటే ఆ రాత్రంతా అసలు తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికోసం ఊరంతా తిరిగినట్టయింది. ఇంకా ఉంది. తాళంలో ఉండే చిన్న బ్యాటరీ సెల్ అయిపోయినా సరే, ఆ తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి పట్టుకుంటే మన బండి స్టార్ట్ అవుతుందట. లోపలున్న చిన్న చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు, దగ్గర పెడితే బండి తీగచుట్ట నుంచే దానికి చాలినంత కరెంటు పుడుతుంది. విద్యుదయస్కాంత ప్రేరణ! ముప్ఫై ఏళ్ళు పదో తరగతి పిల్లలకి బోర్డు మీద తీగచుట్టా అయస్కాంతమూ గీసి నేను చెప్పిన పాఠం. నా బండిలో అది ఉందని నాకు ఒక్కరూ చెప్పలేదు.

డెలివరీ రోజు గుర్తుందా? ఆ అబ్బాయి లోపలి లైట్ల రంగులు మార్చి చూపించాడు. నోటితో చెప్తే అద్దం ఎలా దిగుతుందో చూపించాడు. దండ వేసి ఫొటో తీశాడు. అర్ధరాత్రి తలుపు తెరుచుకోకపోతే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. అది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

ఇంతకీ తాళంలో సెల్ ఎందుకు అయిపోయిందంటే, మేకు వల్ల. సీఆర్ 2032 అని నాణెంలా ఉండే 3 వోల్టుల బిళ్ళ అది. 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. మామూలుగా ఏడాదికి పైనే వస్తుంది. మన తలుపు వెనక మేకుకీ పోర్టికోలో కారుకీ మధ్య ఒక్క గోడే ఉంది. బండి తన మనిషి దగ్గర్లో ఉన్నాడా అని సన్నని రేడియో తరంగాలతో వెతుకుతూ ఉంటుంది, తాళం జవాబిస్తూ ఉంటుంది. రాత్రీ పగలూ ఆ రెండూ పలకరించుకుంటూనే ఉన్నాయన్నమాట. రాత్రిళ్ళు ఉత్తినే అద్దాలు విప్పుకుంటోందని నేను నీకు ఒకసారి చెప్పాను, నువ్వు అప్‌డేట్‌లో సర్దుకుంటుందిలే అన్నావు. సెల్ తగ్గిందని స్క్రీను మీద నాలుగు రోజులపాటు వచ్చిందట. వచ్చి అయిదు సెకన్లలో పోయే చిన్న అక్షరాలు. నాకు బండి ఛార్జింగ్ 72 శాతం అని పెద్దగా కనిపిస్తోంటే బ్యాటరీకి ఏం తక్కువ అనుకున్నాను. ఇప్పుడు తాళాన్ని వంటింట్లో పోపుల డబ్బా పక్కన పెడుతున్నాను, సొరుగులో మూడు బిళ్ళలు కొని ఉంచాను.

ఆ అబ్బాయే ఇంకో సంగతీ చెప్పాడు, ఇది నువ్వు కూడా గుర్తుంచుకో. ముందు బానెట్ కింద 12 వోల్టుల మామూలు బ్యాటరీ ఒకటి ఉంటుంది. తలుపు తాళాలు, స్క్రీను, కంప్యూటరు అన్నీ దాని మీదే నడుస్తాయి. అది పడుకుంటే కింద పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవదు. వేసవి సెలవులకి మేము మీ దగ్గరికి వచ్చి మూడు వారాలు ఉంటే, వెళ్ళేముందు దాని సంగతి చూసుకోవాలన్నమాట.

బండి మీద నాకు ద్వేషం లేదు. దాన్ని నడపటం నాకు ఇష్టం. రాత్రి ప్లగ్ పెడితే పొద్దుటికి నిండుతుంది, బంకు దగ్గర క్యూ లేదు. సింహాచలం కొండ దిగుతుంటే మోటారే జనరేటరై ఒకటి రెండు శాతం తిరిగి ఇస్తుంది, మీ నాన్న ఆ అంకెనే చూస్తూ కూర్చుంటారు. కానీ వానలో హనుమంతవాక దగ్గర లోపలి అద్దమంతా ఆవిరి కమ్మేస్తే, అది పోగొట్టే బొమ్మ స్క్రీనులో ఎక్కడుందో వెతకడానికి రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పాల్సి వస్తోంది. పాత బండిలో చూడకుండా చెయ్యి చాపితే గుండ్రటి మీట తగిలేది. అలాగే బీచ్ రోడ్డులో గుంట తప్పిద్దామని నేను కాస్త పక్కకి తిప్పితే స్టీరింగ్ వెనక్కి లాగుతుంది, గీత దాటుతున్నానట. అది ఆపేస్తాను, మర్నాడు స్టార్ట్ చెయ్యగానే మళ్ళీ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నేను ఒకసారి వద్దన్నానంటే వద్దనే కదా.

హుద్‌హుద్ రోజులు గుర్తున్నాయా నీకు? 2014 అక్టోబరు 12. కరెంటు లేదు, ఏ ఫోనూ మోగలేదు, చెట్లన్నీ రోడ్ల మీదే. మర్నాడు నాన్న పాత స్కూటరు కిక్ కొట్టి, పడిన కొమ్మల మధ్యనుంచి పెందుర్తి వెళ్ళి నానమ్మని చూసి వచ్చారు. మళ్ళీ అలాంటి తుఫాను వస్తే ఈ బండిని ఎలా తియ్యాలా అని ఇప్పుడు కూర్చుని ఆలోచించాను. యాప్ పనిచెయ్యదు, ఓటీపీ రాదు. తాళంలో సెల్ కూడా అయిపోతే తలుపు తియ్యడానికి ఆ ఇనప తాళంచెవి ఒక్కటే పనిచేస్తుంది. అందుకే దాన్ని తీసి, పెట్టి, నాన్న చేత కూడా నాలుగుసార్లు చేయించాను. ఇప్పుడు చీకట్లో కూడా తియ్యగలం.

ఇక నీతో చెప్పాలనుకున్న అసలు మాట. నానమ్మ తాళాల గుత్తి ఎప్పుడూ బొడ్లోనే దోపుకునేది. నాకు ఉద్యోగం వచ్చి మొదటి జీతం తెచ్చిన రోజున ఆ గుత్తి తీసి నా చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు. ఆ రోజునుంచి ఆ ఇల్లు నాదనిపించింది. ఈ బండి నువ్వు మాకోసం కొన్నావు, ప్రేమతో కొన్నావు, కానీ దాని తాళం ఇంకా నీ దగ్గరే ఉంది. మేము భీమిలి వెళ్ళిన రోజు నువ్వు ఫోన్ చేసి "అమ్మా, బీచ్‌లో ఉన్నారా?" అన్నావు. మొదట సంతోషించాను, కొడుకు కనిపెట్టుకుని ఉన్నాడని. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, నేను ఎక్కడికి వెళ్ళానో నేను చెప్పకముందే నీకు తెలియడం నాకు నచ్చలేదు. నేను చెప్పి నువ్వు వినడమే నాకు ఇష్టం.

కాబట్టి ఖాతా నా నంబరు మీదికి మార్చు. షోరూంలో అడిగాను, పాత నంబరు వాళ్ళు ఒప్పుకోవాలట, ఆ ఓటీపీ కూడా నీకే వస్తుందట. ఏదైనా ఆదివారం పొద్దున్న ఇద్దరం ఫోన్లో ఉండి ఆ పని పూర్తి చేద్దాం. నన్ను ఒక్కొక్కటీ నొక్కనివ్వు, నువ్వు పక్కనుంచి చెప్పు. ఆ తరవాత నీ ఫోన్లో కూడా ఉంచాలంటే నేనే నిన్ను చేరుస్తాను.

నువ్వూ ఇలాంటి ప్రోగ్రాములే రాస్తావు కదా. మీ ఆఫీసులో ఇలాంటిది ఏదైనా తయారుచేస్తుంటే, అర్ధరాత్రి పోర్టికోలో నిలబడ్డ మనిషిని ఒకసారి తలుచుకో. ఆ మనిషి చేతిలో ఏముంటుంది, ఆ క్షణంలో స్క్రీను మీద ఏం చదవగలదు అని అడుగు. అడిగేవాళ్ళు ఉంటేనే మారుతుంది.

రెండో తాళం ఒకటి ఉండాలని నువ్వు తీసుకెళ్ళావు కదా, అది కొరియర్‌లో పంపించు. లోపలి బిళ్ళ తీసేసి పంపు, దార్లో అరిగిపోకుండా. అది పక్క వాటా కుర్రాడి దగ్గర ఉంచుతాను, అడిగాను, సరేనన్నాడు. నాన్న నీకోసం మాడుగుల హల్వా తెప్పించారు, ఆ కొరియర్ అందగానే తిరుగు కొరియర్‌లో పంపిస్తాను. ఆ రాత్రి సంగతి నాన్నని ఫోన్లో అడగకు, ఆయనకి ఇబ్బందిగా ఉంటుంది. రిపోర్టులు ఫొటో తీసి నీకు విడిగా పంపుతాను, చూసుకో.

పాపకి ముద్దులు.

మీ అమ్మ