మంత్రిగారూ, ముందు ఆ వీధి దీపం ఆర్పించండి

విద్యుత్ శాఖ మంత్రిగారికి నమస్కారం.

రాబోయే రోజుల్లో కరెంటుకు కటకట తప్పదు, ఇప్పటినుంచే పొదుపు చేయండి అన్నారు మీరు. చేశాం. పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారువి పెట్టాం. 75 వాట్లు లాగేచోట 30తో సరిపోతోంది. గదిలో లైటు ఆపకుండా బయటికొస్తే మా అమ్మ మీ పేరు చెప్పి మరీ తిడుతోంది.

మరి మా ఇంటి ముందు వీధి దీపం సంగతేమిటండీ? పట్టపగలు 12 గంటలకూ వెలుగుతూనే ఉంటుంది. సాయంత్రం కోత మొదలవగానే మాతోపాటు అదీ ఆరిపోతుంది. మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి ‘పరిశీలనలో ఉంది’ అని మెసేజ్ వచ్చింది. మూడోది నేనే ఆఫీసుకు పట్టుకెళ్లాను. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల ఏసీ 18 మీద ఉంది. అర్జీ తీసుకున్నాయన స్వెటర్ వేసుకున్నాడు. చలికి ఆగలేక వెనక కిటికీ కూడా తెరిచి పెట్టారు! కాస్త తగ్గించొచ్చు కదండీ అంటే, రిమోట్ కనబడక నెల దాటిందన్నాడు. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీకి దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని మీకు నేను చెప్పాలా?

కొత్త ప్లాంట్లకు శంకుస్థాపనలు చేస్తున్నారు, సంతోషం. కానీ బొగ్గు వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటుగా మారుతుంది, అందులోనూ కొంత తీగల్లోనే పోతుంది. అంత నష్టపోయి తెచ్చిన కరెంటును ఎండలో దీపం వెలిగించడానికి వాడుతున్నాం.

2011లో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత జపాన్‌లో టోక్యో, ఈశాన్య ప్రాంతాల పెద్ద వినియోగదారులను ఆ వేసవి పీక్ వేళల్లో, అంటే వాడకం బాగా పెరిగే సమయంలో, కరెంటు 15 శాతం తగ్గించమని ఆదేశించారు. కార్ల ఫ్యాక్టరీలు శని, ఆదివారాలు నడిపి గురు, శుక్రవారాలు సెలవిచ్చాయి. వాళ్లది నెత్తిన పడ్డ కష్టం. మనకు ముందే తెలుసు, అయినా ‘కరెంటు ఆదా చేయండి’ అని హోర్డింగులు పెట్టి ఊరుకున్నాం. వాటికి రాత్రంతా ఫోకస్ లైట్లు!

అయ్యా, దయచేసి మీ ఆఫీసులకు ఎనర్జీ ఆడిట్ చేయించండి, కరెంటు ఎక్కడ ఎంత వృథా అవుతోందో లెక్క తేలుతుంది. వీధి దీపాలకు టైమర్లో సెన్సార్లో, ఏవో ఒకటి పెట్టించండి. అది కుదరకపోతే కనీసం ఆ రిమోటైనా వెతికించండి.

దీన్ని నాలుగో అర్జీ అనుకోండి, రసీదు అక్కర్లేదు. ఇప్పుడు టైమ్ మధ్యాహ్నం రెండున్నర. దీపం వెలుగుతూనే ఉంది.

ఇట్లు,
ఒక వినియోగదారు