సందు చుక్క అంటే ఏంటి మేడమ్?

డిసెంబరు వార్తాలేఖ – ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల మార్కులు, సంక్రాంతి సెలవుల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి, అవి చూసుకుని ఇటు రండి. ఈ నెల నేను రాసేది ఒక్క ప్రశ్న గురించే. పోయిన నెల పేరెంట్స్ మీటింగులో తొమ్మిదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నగారు లేచి, "మేడమ్, మావాడికి కోడింగ్ బాగానే వచ్చు కదా, కంప్యూటర్ పీరియడ్‌లో వాడి పని వాడిని చేసుకోనివ్వకుండా పక్కవాళ్లకి చెప్పమని కూర్చోబెడుతున్నారట, ఈ చాకిరీ వాడికెందుకు?" అని అడిగారు. కాస్త కోపంగానే అడిగారు, తప్పులేదు. టైమ్ అయిపోయిందని నేను "చూద్దాం లెండి" అని దాటేశాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ధనుర్మాసం దగ్గరపడుతోంది కదా అని నవంబరు చివర్లో తొమ్మిదో తరగతికి ఒక పని ఇచ్చాం. ఒక ముగ్గు ఎంచుకుని, అదెలా వేయాలో కాగితం మీద మాటల్లోనే రాయాలి, బొమ్మ గీయకూడదు. ఆ కాగితం చూసి ఆరో తరగతి పిల్లలు గ్రౌండులో సుద్దముక్కతో వేస్తారు. రాసినవాళ్లు పక్కనే నిలబడాలి, నోరు మాత్రం మెదపకూడదు. ఒక గ్రూపు "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు" అని రాసి ఊరుకుంది. ముగ్గులు వేసే చేతికి అంతకుమించి ఒక్క అక్షరం అక్కర్లేదు: మధ్య వరసలో 7, దానికి పైనా కిందా సందుల్లో పెట్టుకుంటూ 6, 5, 4. కానీ ఆరో తరగతి పిల్లలు చూసిందంతా ఎదురు చుక్కల ముగ్గులే. అలవాటు కొద్దీ చుక్కకెదురుగా చుక్క పెట్టుకుంటూ, చివర్లో అటొకటి ఇటొకటి వదిలేస్తూ పోయారు. 7 తర్వాత 5 వచ్చింది, ఆ తర్వాత 3 వచ్చింది. ఒక పాప లేచి నడుం మీద చేతులు పెట్టుకుని "4 ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. జవాబు తెలిసినవాళ్లు పక్కనే ఉన్నారు, చెప్పడానికి లేదు, వాళ్ల అవస్థ చూడాలి మీరు. చివరికి ఇంకో పిల్లాడు నా దగ్గరికొచ్చి "సందు చుక్క అంటే ఏంటి మేడమ్?" అన్నాడు.

ముగ్గు వేయడానికి పది నిమిషాలు. ఆ కాగితం తిరగరాయడానికి రెండు పీరియడ్లు పట్టింది.

ఆ రెండు పీరియడ్లు మన పిల్లలు చేసిన పనికి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో జీతాలిస్తారు. దాన్ని డెవలపర్ ఎక్స్‌పీరియన్స్ అంటారు. పేరు చూసి భయపడకండి. మనం వాడే యాప్‌లు మన కోసం తయారుచేస్తారు, కొన్ని టూల్స్ మాత్రం ప్రోగ్రామర్ల కోసమే తయారవుతాయి. ఒక చిన్న బట్టల కొట్టు వెబ్‌సైటులో ఆన్‌లైన్ పేమెంటు పెట్టాలనుకున్న కుర్రాడు, పేమెంటు కంపెనీ ఇచ్చిన గైడ్ చదివి అరగంటలో పని ముగించుకున్నాడా, తెల్లవార్లూ జుట్టు పీక్కున్నాడా అన్నది చూసుకోవడమే ఈ ఉద్యోగం. గైడ్ రాసేవాళ్లని టెక్నికల్ రైటర్లంటారు, ఊరూరా వర్క్‌షాపులు పెట్టి చూపించేవాళ్లని డెవలపర్ అడ్వొకేట్లంటారు. తప్పు జరిగినప్పుడు తెర మీద ఏ మాట కనబడాలి అని ఆలోచించే ఇంజనీర్లు కూడా ఈ కోవలోకే వస్తారు.

తెర మీద కనబడే మాట అంత పెద్ద విషయమా అంటే, మన ల్యాబ్ సంగతే వినండి. మన పాత కంప్యూటర్లు విండోస్ 7వి. పిల్లలు ప్రోగ్రాములు రాసే భాష పైథాన్, అది వాటిలో 3.8 వెర్షన్ దాకానే ఎక్కుతుంది, 3.9 నుంచి ఎక్కదు. ఆ పాత పైథాన్‌లో పిల్లలు ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోతే, తప్పు మూడో లైనులో ఉంటే వేలు నాలుగో లైను మీద పెట్టి "ఇన్‌వాలిడ్ సింటాక్స్", అంటే రాసిన తీరు తప్పు, అంటుంది. నాలుగో లైను శుభ్రంగానే ఉంటుంది. పిల్లవాడు దాన్నే చెరిపి రాసి, చెరిపి రాసి, పీరియడ్ అయిపోయేసరికి నాకు కోడింగ్ రాదు అనే నిర్ణయానికొచ్చేస్తాడు. 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10లో దీన్ని సరిచేశారు. ఆ వెర్షన్ విడుదల బాధ్యత చూసే రిలీజ్ మేనేజరుగా ఉన్న పాబ్లో గలిందో సాల్గాడో ఈ ఎర్రర్ మాటల మీద ప్రత్యేకంగా పనిచేశారు. ఇప్పుడది ఏ బ్రాకెట్ తెరిచి వదిలేశావో ఆ బ్రాకెట్ దగ్గరే ఆగి చెబుతుంది. ఒక పేరు రాయబోయి స్పెల్లింగ్ తప్పితే "ఇది కాదు కదా నువ్వనుకున్నది?" అన్నట్టు సరైన పేరు కూడా చూపిస్తుంది. పోయిన వేసవిలో ఆరు కంప్యూటర్లకి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయించి కొత్త పైథాన్ పెట్టాం. ఆ ఆరింటి దగ్గర కూర్చున్నవాళ్లు "మేడమ్, ఎర్రర్!" అని అరవడం బాగా తగ్గింది. మిగతా ఎనిమిదింటికి కూడా వేయించాలి, డబ్బు సంగతి కమిటీలో మాట్లాడుతున్నాం.

ఈ పనేదో అమెరికాలో పుట్టిన కొత్త వింత అనుకోకండి. మీలో ఎంతమంది అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకున్నారో నాకు తెలుసు. మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో దొరికే రన్నింగ్ నోట్స్ గుర్తుందా? ఏ ఫ్యాకల్టీ చెబితే అర్థమవుతుందో ఆయన నోట్స్ చేతులు మారి మారి అక్షరాలు మసకబారిపోయేదాకా తిరిగేది. జావా తయారుచేసినవాళ్లు రాసిన పుస్తకం పక్కనపెట్టి ఆ జిరాక్స్ కాగితాలే ఎందుకు చదివారు? ఆయన మీరెక్కడ ఆగిపోతారో ముందే తెలుసుకుని రాశాడు కాబట్టి. ఈ విద్యకి మన దగ్గర పేరు లేదంతే, మనుషులు ఎప్పటినుంచో ఉన్నారు.

చెప్పడం కూడా ఒక నేర్పే అని పిల్లలకి నేను గ్రేస్ హాపర్ కథతో చెబుతుంటాను. మనిషి రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్ మీద 1952లోనే పనిచేసిన ఆవిడ, అమెరికా నౌకాదళంలో పెద్ద ఆఫీసరు. ఉపగ్రహం ద్వారా కబురు పంపితే అంత ఆలస్యం ఎందుకవుతుందని అడ్మిరల్స్ అడిగితే లెక్కలు చెప్పకుండా, దాదాపు 30 సెంటీమీటర్ల తీగముక్క ఒకటి చేతిలో పెట్టేది. ఒక నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లో వంతులో, వెలుతురు పోగలిగేది ఇంతే దూరం, ఇక్కడి నుంచి ఉపగ్రహం దాకా ఇలాంటివి ఎన్ని పడతాయో మీరే చూసుకోండి అని. మన ఫిజిక్స్ మాస్టారు పాత వైరు కోసి ఎనిమిదో తరగతిలో ఒక్కొక్కరికీ ఒక ముక్క ఇచ్చారు. మీ ఇంట్లో పెన్సిల్ బాక్సులో వైరు ముక్క కనబడితే పారేయకండి, అది నానోసెకను.

ఇక ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. కోడ్ రాసే ఉద్యోగాలతో పోలిస్తే ఇవి తక్కువ, కాలేజీ నుంచి బయటికి రాగానే నేరుగా ఇందులోకి తీసుకునేవాళ్లు ఇంకా తక్కువ. మన బడిలోనే పది చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఇలాంటి గైడ్లు రాసే డాక్యుమెంటేషన్ టీములో ఉంది. తను మొదట చేరింది సపోర్టులో. రోజూ కస్టమర్లు అదే ప్రశ్న అడుగుతుంటే విసుగొచ్చి, ఒక ఆదివారం కూర్చుని దానికి జవాబు స్టెప్పు స్టెప్పుగా రాసి అందరికీ అదే లింకు పంపడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న రావడం తగ్గిపోయేసరికి మేనేజరు కంట్లో పడింది. ఇంకో దారి ఓపెన్ సోర్స్. ఎవరైనా వాడుకోగలిగిన ప్రోగ్రాముల గైడ్లలో తప్పులు, అర్థంకాని చోట్లు ఎన్నో ఉంటాయి, వాటిని సరిచేసి పంపడానికి డిగ్రీ అడగరు, పంపినది పేరుతో సహా అందరికీ కనబడుతుంది. ఏ దారైనా ముందు కోడింగ్ సొంతంగా వచ్చి ఉండాలి. ఈత రానివాడు గట్టు మీద నిలబడి ఈత నేర్పితే ఎవరు దిగుతారు?

"ఇదంతా ఏఐ రాసేస్తుంది కదా" అని మీలో కొందరు అనుకుంటారు. ఆ ముగ్గు కాగితం ఏఐతో కూడా రాయించి చూశాం, భాష మా పిల్లలకన్నా బాగుంది, చుక్కల లెక్క తప్పింది. పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో హామీ ఇచ్చే ధైర్యం నాకు లేదు. అలా హామీలిచ్చేవాళ్లు బడికి వస్తూనే ఉన్నారు. అక్టోబరులో ఒకాయన టై కట్టుకొచ్చి, మూడో తరగతి పిల్లలతో యాప్‌లు చేయిస్తాం, ఒక్కొక్కరికీ ఇంత కట్టించండి అన్నాడు, టీ ఇచ్చి పంపించేశాను.

ఇంగ్లీషు రాదని బెంగ వద్దు. పిల్లలు ముందు తెలుగులోనే వివరించమనండి. నెదర్లాండ్స్‌లో ఫెలీన్ హెర్మన్స్ అనే ప్రొఫెసర్ 2020లో హెడీ అని పిల్లల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష తెచ్చారు. అందులో బ్రాకెట్లు, కొటేషన్లు మొదటి మెట్టులో ఉండవు, అలవాటయ్యే కొద్దీ ఒక్కొక్కటే వస్తాయి. కమాండ్లు ఇంగ్లీషులోనే ఉండాలన్న పట్టు కూడా లేదు.

చివరగా ఆ నాన్నగారికి. సార్, మీరన్న దాంట్లో ఒక మాట నిజం. గమనించి చూస్తే మీ అబ్బాయి చెప్పడం మానేసి పక్కవాళ్ల ప్రోగ్రాము తానే టైపు చేసేస్తున్నాడు. అది ఇద్దరికీ నష్టమే. అందుకని కొత్త రూలు పెట్టాం: చెప్పేవాళ్లు ఎదుటివాళ్ల కీబోర్డు, మౌసు ముట్టుకోకూడదు, చేతులు వెనక్కి కట్టుకుని మాటలతోనే చెప్పాలి. బుధవారం పీరియడ్ ఎవరి పని వాళ్లదే, చెప్పడం శుక్రవారం ఒక్కరోజే.

తిరగరాసిన ముగ్గు కాగితాలు సెలవులకి ముందు శనివారం మధ్యాహ్నం గ్రౌండులో మళ్లీ పరీక్షిస్తున్నాం. ఇళ్లలో ముగ్గులు బాగా వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు ఉంటే తప్పకుండా పంపండి, కుర్చీలు వేయిస్తాం. పిల్లలు తప్పు చుక్క పెట్టినా సరే పైకి అనకూడదు, అదొక్కటీ వాళ్లకి ఇంట్లోనే చెప్పి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు