మా ఆయన జైల్లో ఉన్న రోజుల్లో మాకు అండగా నిలిచినవాళ్లకు

చాలా రోజుల నుంచి రాయాలనుకుంటున్న పోస్టు ఇది. మా ఆయన చెన్నైలోని పుళల్ జైల్లో శిక్ష అనుభవిస్తున్నారు. కొరుక్కుపేటలో మా వీధంతా తెలిసిన విషయమే, దాచడానికేమీ లేదు. తాగిన మైకంలో ఒక మనిషిని ఇనుప రాడ్డుతో కొట్టారు. ఆ మనిషి కుడిచెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. కోర్టు అన్యాయం చేసిందని నేనెప్పుడూ అనలేదు, అనను కూడా. అయినా ఆయన నా భర్త, నా పిల్లాడి తండ్రి. ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోమని నన్ను నిలదీసినవాళ్లు చాలామంది. అలా అడగకుండా సాయం చేసినవాళ్లకు ఈ నాలుగు మాటలు.

ముందుగా లీగల్ ఎయిడ్ లాయరమ్మగారికి. అంతకుముందు ఒకాయన బెయిలు ఖర్చని నా గాజులు అమ్మించి, తర్వాత ఫోనే ఎత్తలేదు. జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టంలోనే ఉందని ఈవిడ చెబితేనే తెలిసింది. హైకోర్టులో అప్పీలు వేశారు, నా దగ్గర పైసా తీసుకోలేదు. "మీకు లేనిపోని ఆశలు పెట్టనమ్మా" అని మొదటి రోజే అన్నారు. చివరికి శిక్ష కొంత తగ్గింది. నేను బాగా డీలాపడి ఉన్న ఒకరోజు, 1977లో సుప్రీంకోర్టుకు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక మోసం కేసు గురించి చెప్పారు. జైలుకెళ్లిన మనిషి బాగుపడేలా శిక్ష ఉండాలని జస్టిస్ కృష్ణయ్యర్ గారు అందులో రాసి, ఆ కుర్రాడి శిక్ష తగ్గించారట. ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది.

ములాఖత్ క్యూలో పరిచయమైన అక్కా, నీ రుణం తీర్చుకోలేను. నేను ఫోన్లో తెలుగులో ఏడుస్తుంటే విని, "మనోళ్లేనా?" అంటూ పక్కన కూర్చున్నావు. మను, అంటే అర్జీ, ఎలా రాయాలో, ఏ కార్డు చూపించాలో, లోపలికి ఏవి పోనిస్తారో ఏవి పోనివ్వరో అన్నీ నువ్వే చెప్పావు. ఎంసీ రోడ్డులో నేను పనిచేసే బట్టల షాపు ఓనరమ్మకు కూడా థ్యాంక్స్. ములాఖత్ ఉన్న రోజే నా వారం సెలవు అయ్యేలా మార్చారు, ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

పక్కింటి పిన్ని, బాబాయిల గురించి ఎంత రాసినా తక్కువే. మా అత్తమ్మ అర్ధరాత్రి పోయారు. ఒక్కగానొక్క కొడుకు జైల్లో. తల్లో తండ్రో పోతే ఖైదీకి ఎమర్జెన్సీ లీవు ఇస్తారని బాబాయికి ఎలా తెలుసో గానీ, డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకుని, అర్జీ రాసుకుని తెల్లారేసరికి జైలు గేటు ముందున్నారు. మధ్యాహ్నానికి మా ఆయన్ని పోలీసు కాపలాతో తీసుకొచ్చారు. వీధి కుళాయి దగ్గర ఆయన తలస్నానం చేస్తుంటే బిందెతో నీళ్లు పోసింది పిన్ని. ఎవరో కొత్త పంచె తెచ్చారు. ఎస్కార్టు పోలీసులకు కూడా టీ ఇచ్చారు. మావాడు ఏడో క్లాసు. వాళ్ల నాన్నని అలా పోలీసుల మధ్య చూసి గోడ పక్కన బిగుసుకుపోయాడు. బాబాయి వాడి భుజం మీద చెయ్యేసి, మెల్లగా నడిపించుకొచ్చి నాన్న పక్కన నిలబెట్టారు. మా ఆయన మూలకొత్తళం శ్మశానంలో అమ్మకు తలకొరివి పెట్టి, సాయంత్రానికి మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు మా వీధిలో ఒక్కరు కూడా తలుపు వేసుకోలేదు.

ఇంకో థ్యాంక్స్, ముఖం తెలియనివాళ్లకు. 2023 జనవరిలో చెన్నై పుస్తకాల ఎగ్జిబిషన్‌లో ఖైదీల కోసం పుస్తకాలు సేకరించే స్టాలు పెట్టారు. 'కూండుక్కుళ్ వానం' అని దాని పేరు, అంటే తమిళంలో 'పంజరంలో ఆకాశం'. మీలో ఎవరైనా అందులో పుస్తకం వేసి ఉంటే, మీకు నా దండం. ఎనిమిదితో చదువు ఆపేసిన మా ఆయన లోపల లైబ్రరీకి వెళ్లడం అలవాటు చేసుకున్నారు, పదో తరగతి పరీక్ష రాశారు.

మారిపోయారా అని అడుగుతారు. లోపల మందు దొరకదు, కాబట్టి తాగుడు మానేశారని నేను చెప్పను. అది బయటికొచ్చాక తేలాల్సిన సంగతి. ఆయన కూడా అదే అంటారు. లోపల బేకరీలో పనిచేస్తున్నారు. ఆ కూలిలో కొంత బాధితుల నిధికి కోసుకుంటారు. మొదట్లో దాని గురించి గొణిగేవారు. ఈమధ్య ములాఖత్‌లో, "ఆ డబ్బు నేను కొట్టినాయనకే చేరుతుందంటావా? కనుక్కో" అని తనంతట తనే అడిగారు. ఆ చెయ్యి దానితో బాగుపడదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ ప్రశ్న ఆయన నోటి నుంచి వచ్చినందుకు బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. లాయరమ్మగారిని అడిగాను, కనుక్కుని చెప్తానన్నారు.

మీ ఇంట్లో కూడా ఎవరైనా లోపల ఉంటే, వకీలు కోసం ముందు 15100కి ఫోన్ చేయండి. లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబరది. మొదటిసారి పుళల్ వెళ్లడానికి భయంగా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నా సెలవు రోజైతే తోడొస్తాను.