అలకనంద గురించి తెలుగులో రాయండి

సంపాదకులకు నమస్కారం.

పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ రేడియో ఆస్ట్రోఫిజిక్స్ శాస్త్రవేత్తలు రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ చిత్రాల్లో ‘అలకనంద’ గెలాక్సీని (నక్షత్రాల మహా సమూహాన్ని) గుర్తించారని 2025లో వెల్లడైంది. దాని వెలుగు మనల్ని చేరడానికి సుమారు 1,200 కోట్ల ఏళ్లు పట్టింది. అంటే మనకు కనిపిస్తున్నది దాని అప్పటి రూపం; విశ్వం పుట్టిన బిగ్ బ్యాంగ్ తర్వాత 150 కోట్ల ఏళ్లకే అక్కడ రెండు చక్కని సర్పిల భుజాలు (మధ్య నుంచి చుట్టలా తిరిగే నక్షత్రాల పాయలు) తయారయ్యాయి! వెడల్పు దాదాపు 30 వేల కాంతి సంవత్సరాలు. తొలినాటి గెలాక్సీలు గజిబిజిగా ఉంటాయనే అనుకునేవారు, ఇంత పొందిక ఎలా వచ్చిందో ఇప్పుడు తేల్చాలి. నాకైతే ఇదే అసలు విశేషం.

సిరొంచలో మా పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో మరాఠీ చదువుతారు. మా మహారాష్ట్రలోనే జరిగిన ఈ పని గురించి ఆదివారం సంచికలో ఫొటోతో వివరంగా వేయండి. ఇంట్లో పెద్దవాళ్లకూ చదివి వినిపిస్తారు.

– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా