తప్పుల్లేకపోతే సరిపోతుందా?

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. ఆ కుర్రకవి పద్యాల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు గానీ ఒక్కటీ మనసుకి ఎక్కలేదన్నావు కదా, సరిగ్గా ఈ గొడవ మీదే పంచాయితీ పెట్టిన గ్రీకు పెద్దాయన ఒకడున్నాడు. లాంజైనస్ అంటాం గానీ అసలు పేరేమిటో తేలలేదు. పదో శతాబ్దపు రాతప్రతిలో ఒకచోట ‘డయొనీసియస్ లాంజైనస్’ అని, ఇంకోచోట ‘డయొనీసియస్ లేదా లాంజైనస్’ అని ఉంది. రాసినది మొదటి శతాబ్దంలో అని ఎక్కువమంది పండితుల లెక్క. పుస్తకం పేరు ‘ఔదాత్త్యం గురించి’. ఔదాత్త్యం అంటే చదివేవాడి మనసుని పైకెత్తే గొప్పదనం అన్నమాట. అందులో మూడో వంతు దాకా పోయింది.

ఔదాత్త్యానికి ఐదు మూలాలంటాడు: పెద్ద ఆలోచన, గట్టి ఆవేశం, అలంకారాలు, మాటల ఎంపిక, వాక్యాల కూర్పు. మొదటి రెండూ చాలావరకు పుట్టుకతో రావాల్సినవేనట. ఈ లిస్టు పరీక్షలకు పనికొస్తుంది. నాకు మాత్రం ఆయన ఉదాహరణలే ఇష్టం.

ట్రాయ్ యుద్ధంలో చనిపోయిన గ్రీకు వీరుడు అకిలీస్ ఆయుధాలు తనకు కాక తోటి వీరుడు ఒడిస్సియస్‌కి దక్కాయని అయాక్స్ ప్రాణం తీసుకున్నాడు కదా. తర్వాత ఒడిస్సియస్ ప్రేతలోకానికి వెళ్లి, ఇకనైనా కోపం వదిలెయ్యవయ్యా అని బతిమాలతాడు. అయాక్స్ ఒక్క మాటా మాట్లాడడు, తన దారిన వెళ్లిపోతాడు. ఆ మౌనం ఏ మాట కన్నా గొప్పదంటాడు లాంజైనస్. ఇంకోచోట, గ్రీకు మహాకవి హోమర్ ‘ఇలియడ్’లో, యుద్ధం మధ్య చీకటి కమ్ముకుంటే అదే అయాక్స్ దేవతల రాజు జ్యూస్‌ని ప్రాణభిక్ష అడగడు. వెలుగియ్యి, చంపాలనుకుంటే ఆ వెలుగులోనే చంపు అంటాడు. వీరుడు అడగాల్సింది అదేనని లాంజైనస్ మురిసిపోతాడు.

గ్రీకు కవయిత్రి శాఫో కవిత చూడు. ప్రేమించిన మనిషి కంటబడగానే నోరు పెగలదు, చర్మం కింద మంట పాకుతుంది, చెవులు హోరెత్తుతాయి, చెమటలు, వణుకు. ఇన్నీ ఒకేసారి! వీటిలో పదునైనవే ఏరి ఒక్కచోట పేర్చడమే ఆమె ప్రతిభ అంటాడు. ఆయన ఎత్తి రాయబట్టే ఆ కవిత ఇంతమాత్రమైనా మనకు మిగిలింది.

ఇక నీ కుర్రకవి సంగతి. అపొలోనియస్ అనే గ్రీకు కవి ఎక్కడా కాలు జారడు, హోమర్ జారతాడు. మరి నువ్వు ఎవరిలా ఉండాలనుకుంటావు అని సూటిగా అడుగుతాడు లాంజైనస్. ఎత్తుకెక్కేవాడికే జారిపడే భయం, కిందే ఉండేవాడికి ఏ టెన్షనూ లేదు. ఇది విని తప్పుల తడికలు రాసేవాళ్లు రెచ్చిపోకూడదులే. ఉబ్బిన శైలినీ, చల్లారిన చమత్కారాలనూ ఆయన అంతే గట్టిగా ఉతికాడు.

ఒక్క విషయంలో మాత్రం నాకు పడదు. ‘ఒడిస్సీ’ హోమర్ ముసలితనంలో రాసినదట, అస్తమించే సూర్యుడట, పరిమాణం ఉంది గానీ వేడి తగ్గిందట. అదేమిటయ్యా, అయాక్స్ మౌనం నీకు దొరికిందే ‘ఒడిస్సీ’ పదకొండో కాండలో కదా! తనకు బాగా నచ్చిన ఉదాహరణ ఎక్కడిదో ఆ మాట అనేటప్పుడు గుర్తు రాలేదేమో. ‘ఒడిస్సీ’ అంటే నాకన్నా నీకే ఎక్కువ ఇష్టం, ఆయన తరఫున వాదించగలవేమో చూడు.

ఆ పద్యాల పుస్తకం కూడా పంపు. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
మూర్తి