పోర్టు తెరిచాను, దారి మాత్రం లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే అటు పాతపట్నం, ఆంధ్ర. బజారులో ఓ పది పన్నెండు షాపుల వాళ్లకి జీఎస్టీ లెక్కలు చూస్తుంటాను. లెక్కలన్నీ ఇంట్లో కంప్యూటర్లో, టాలీలో ఉంటాయి. గత నెల నాన్నగారి వైద్యం కోసం విశాఖలో ఉండాల్సి వచ్చింది. 20వ తారీఖులోగా రిటర్నులు వేయాలి. అక్కడి నుంచే ఇంటి కంప్యూటర్ వాడుకుందామని బయలుదేరే ముందు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకున్నాను, అంటే దూరం నుంచి ఇంటి కంప్యూటర్‌ని చేరుకునే తాళం వేసిన దారి. దానికోసం రౌటర్లో 51820 పోర్టు, అంటే బయటి నుంచి లోపలికొచ్చే తలుపు, తెరిచాను. ఇంటి వైఫై మీద చూస్తే పనిచేసింది, సంబరపడ్డాను. ఫోన్ డేటా మీద చూడాలని అప్పుడు తట్టలేదు.

విశాఖలో నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఆసుపత్రి వరండాలో నిలబడి మా ఆవిడకి ఫోన్ చేశాను. ఆవిడ రౌటర్ పేజీ తెరిచి ఒక్కో ముక్కా చదువుతుంటే నా తప్పులు బయటపడ్డాయి. డేటా పంపే పద్ధతుల్లో వైర్‌గార్డ్‌కి యూడీపీ అనేది కావాలి, నేను టీసీపీ అనేది పెట్టాను. అది మార్చాం. మధ్యలో కరెంటు పోయి వచ్చేసరికి కంప్యూటర్ లోపలి అడ్రసు 192.168.1.5 కాస్తా 192.168.1.8 అయి కూర్చుంది, రౌటరేమో పాతదానికే పంపుతోంది. అడ్రసు ఇక మారకుండా కట్టేశాం. అయినా అంతే.

అప్పుడు బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు ఒక్క మాట అడిగాడు: "మావయ్యా, రౌటర్లో వాన్ ఐపీ ఎంతుంది?" అంటే ఇంటర్నెట్ కంపెనీ మా రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు. చూస్తే 100.72తో మొదలవుతోంది. ఇంటి కంప్యూటర్ నుంచే గూగుల్లో నా ఐపీ ఏమిటని అడిగితే వేరే నంబరు చూపిస్తోంది. వాడు నవ్వేశాడు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లు ఇలా పంచుకోవడానికని 2012లోనే పక్కన పెట్టారట. పాత రకం అడ్రసులు మొత్తం కలిపి 430 కోట్లలోపే. అవి చాలక కంపెనీలు ఒకే అడ్రసు వెనక ఎన్నో ఇళ్లని పెడుతున్నాయి. సీజీనాట్ అంటారు. సత్రం లాంటిదన్నమాట. మనం రాసిన ఉత్తరానికి జవాబైతే వస్తుంది గానీ, బయటివాడు తానుగా సత్రం పేరుకి ఉత్తరం రాస్తే ఏ గదికివ్వాలో గుమాస్తాకి తెలియదు. నా రౌటర్లో పోర్టు తెరవడమంటే నా గది తలుపు తీసుకు కూర్చోవడమే, వీధి తలుపు నా చేతిలో లేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే "అన్ని పోర్టులూ ఓపెన్ సార్" అన్నారు హిందీలో. ఇంటికొచ్చిన కుర్రాడైతే డీఎంజెడ్ ఆన్ చేసేయమన్నాడు, అంటే పోర్టులన్నీ ఒకే కంప్యూటర్ వైపు తెరిచేసే సెట్టింగు! అసలు పబ్లిక్ ఐపీయే (బయటివాళ్లు నేరుగా చేరగలిగే సొంత అడ్రసు) లేనప్పుడు దాంతో ఒరిగేదేమీ లేదు. ఉంటే ఇంకా ప్రమాదం, కంప్యూటర్ మొత్తం వీధిలో పెట్టినట్టే. దూరం నుంచి కంప్యూటర్ తెర వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్ కోసం 3389 పోర్టును నేరుగా తెరిచేవాళ్లు మా బజారులోనే ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. వైర్‌గార్డ్ అయితే తాళంచెవి లేనివాడు ఎంత తట్టినా లోపల మనిషున్నట్టే తెలియనివ్వదు.

చివరికి 18న తెల్లవారుజామున బస్సెక్కి ఇంటికొచ్చి రిటర్నులు వేశాను. ఆ తర్వాత గట్టిగా అడిగితే, పబ్లిక్ ఐపీకి నెలనెలా విడిగా కట్టాలని తాపీగా చెప్పారు. కడుతున్నాను, ఇప్పుడు పనిచేస్తోంది. నా బాధ డబ్బు గురించి కాదు. కనెక్షన్ ఇచ్చిన రోజు ఫారం మీద స్పీడు ఇంత, డేటా ఇంత అని రాశారు. "మీకు సొంత అడ్రసు ఉండదు, కావాలంటే ఇంత అదనం" అని మరో వరస రాయడానికేం? కొరత లేని కొత్త రకం అడ్రసు, ఐపీవీ6, ఇస్తున్నారో లేదో కూడా అక్కడే చెప్పొచ్చు, అది ఉంటే చాలామందికి ఈ పాట్లు తప్పుతాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనానికి అర్థమయ్యే మాటల్లో చెప్పమని అడిగే హక్కు మాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా