వాకింగ్ షూ కొనేవాళ్లకు

అందరికీ నమస్కారం. నిన్నటి నడకలో మనవాళ్లు ఇద్దరు మడమల మీద బొబ్బలతో సగంలోనే ఆగిపోయారు, చూసి బాధేసింది. కొత్త షూ కొనడానికి సాయంత్రం వెళ్లండి. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, ఉదయం సరిపోయిన సైజు అప్పుడు బిగుతవుతుంది. రోజూ నడకకు వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడండి. చాలామందికి రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు, పెద్దదానికి సరిపోయేదే తీసుకోండి. నిలబడితే వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ మాత్రం జారకూడదు, బొబ్బలు తెచ్చేది ఆ రాపిడే. షాపులోనే నాలుగైదు నిమిషాలు నడవండి, మొహమాటం వద్దు. "వాడగా వాడగా సాగుతుంది" అంటే నమ్మకండి. నూలు సాక్సులు చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, సింథటిక్‌వి నయం. బొబ్బ వస్తే చిదమకండి. షుగర్ ఉన్నవాళ్లు చిన్న పుండైనా వెంటనే డాక్టరుకు చూపించండి.